పాత ఎమ్‌జీబీ మీటర్లు విప్పడం: నా అనుభవం

డ్యాష్‌బోర్డ్ మీద ఉన్నవి నాలుగే మీటర్లు. మూడు ఒక్క ఆదివారంలో చేతికొచ్చాయి. నాలుగోది ఫిబ్రవరిలో మొదలుపెడితే మే నెల సగం గడిచేదాకా నన్ను వదల్లేదు. పాత కారు మీటర్లు విప్పుదామనుకునేవాళ్ళకి పని ఎక్కడ ఆగుతుందో, డబ్బు ఎక్కడ ఖర్చవుతుందో ముందే తెలిస్తే మంచిదని రాస్తున్నాను.

కారు 1966 నాటి ఎమ్‌జీబీ, బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. రెండు సీట్లది, టాప్ మడిచేసుకోవచ్చు. మా పెదనాన్నగారిది. ఢిల్లీలో విదేశీ రాయబార కార్యాలయాల వాళ్ళు వాడిన కార్లని అప్పట్లో స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ అమ్మేది, అలా వచ్చిన కారుని ఎవరో కొంటే వాళ్ళ దగ్గర ఈయన కొన్నారు. ఆయన పోయాక పాలకొల్లు దగ్గర ఊళ్ళో ధాన్యం కొట్లోనే ఏళ్ళ తరబడి ఉండిపోయింది. 2025 సంక్రాంతికి వెళ్ళినప్పుడు పెద్దమ్మ, "పట్టుకుపోరా, ఇక్కడుంటే ఎలకలకే" అంది. కనుమ వెళ్ళాక లారీలో ఎక్కించి మా ఇంటికి తెచ్చుకున్నాం.

అందరూ ముందు ఇంజను చూడమన్నారు. నేను మీటర్లతో మొదలుపెట్టాను. గాజుల లోపలివైపు బూజు పట్టి ముల్లు ఎక్కడుందో కూడా తెలియడం లేదు. అన్నేళ్ళు ఆగిన ఇంజనుని ఆయిల్ ప్రెషరు కనపడకుండా స్టార్ట్ చేయడమంటే నాకు భయం.

ఫిబ్రవరి 9, ఆదివారం. ఊళ్ళో ఆటో ఎలక్ట్రీషియన్ని పిలిచాను. సీట్ల వెనక పలక కింద రెండు ఆరు వోల్టుల బ్యాటరీలుంటాయి, రెండూ కలిపి పన్నెండు. ఎప్పుడో చచ్చినవే అయినా ముందు వాటి వైర్లు తీసేశాం. అక్కడే మొదటి పేచీ. ఈ కారులో బాడీకి కలిపింది ప్లస్సు. 1967 చివరి దాకా వచ్చిన ఎమ్‌జీబీలన్నీ అంతే. ఆయన ఒప్పుకోలేదు. "ఎవరో తిరగేసి కట్టేశారండి. మనం సరిచేసేద్దాం ఆయ్" అంటాడు. చివరికి ఆర్పీఎం మీటరు గాజు తుడిచి టార్చి వేస్తే, డయలు మీద సన్నటి అక్షరాలతో పాజిటివ్ ఎర్త్, అంటే బాడీకి ప్లస్సు, అని కనపడింది. చదివి చూపించాక గానీ వదల్లేదు. మీ కారుని ఎవరికి అప్పగించినా ఈ ముక్క ముందే చెప్పండి. ఇది తిరగేస్తే మొదట పోయేది ఆర్పీఎం మీటరే.

డ్రైవరు సీటు తీసేయడం మంచిదని విన్నాను, నిజమే. కాకపోతే మన సముద్రపు గాలికి ఆ బోల్టులు నేలలో కలిసిపోయి ఉన్నాయి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచినా పొద్దుటంతా వాటికే సరిపోయింది. ఇంకో సంగతి, ఈ కారు నట్లన్నీ అంగుళాల కొలతవి. మామూలు పానాలు పట్టినట్టే పట్టి జారిపోయి నట్టు మూలలు అరగదీస్తాయి. అంగుళాల సెట్టు తాడేపల్లిగూడెంలో దొరికింది, పద్దెనిమిది వందలు.

సీటు పోయాక వెల్లకిలా పడుకుని, తల పెడల్స్ దగ్గర పెట్టి, కాళ్ళు వెనక్కి చాపి పైకి చూడాలి. మొహం మీద మొదట పడింది ఊక, తర్వాత ఎలక పెంట. మాస్కు, కళ్ళద్దాలు లేకుండా ఆ పని చేయకండి. స్పీడోమీటరు వెనక బల్బు ఉండే కన్నం చుట్టూ కుమ్మరి పురుగు మట్టి గూడు కట్టి ఉంది. పుల్లతో గోకితే మట్టితో పాటు బల్బు హోల్డరు కూడా ఊడి చేతిలోకొచ్చింది. హోల్డర్లన్నీ నొక్కుడు హోల్డర్లే, లాగితే వస్తాయి.

మీటరుని పట్టుకుని ఉండేది వెనక వంపు తిరిగిన ఇనుప పట్టీ, దాని మీద వేళ్ళతో తిప్పే గరుకు నట్లు. పానా అక్కర్లేదు. కానీ కుడి చెయ్యి అందే చోట కళ్ళు అందవు, కళ్ళు అందే చోట చెయ్యి పట్టదు. నట్టు జారిందంటే కార్పెట్ కింద ఎక్కడికో పోతుంది. మా పిన్ని కొడుకు ఒక ఉపాయం చేశాడు. పాత పంచె ఒకటి నా గుండెల మీద నుంచి పెడల్స్ దాకా పరిచాడు. పడ్డ ప్రతి నట్టూ అందులోనే దొరికింది.

స్పీడోమీటరుకి రెండు కేబుళ్ళుంటాయి. ఒకటి గేర్‌బాక్సు నుంచి వచ్చే పెద్దది, దాని మూతి చేత్తో తిప్పితే వస్తుంది. రెండోది చాలామందికి తెలియదు. ట్రిప్పు మీటరుని సున్నాకి తెచ్చే సన్నటి కేబులు, దాని నాబ్ డ్యాష్‌బోర్డ్ కింద అంచున ఉంటుంది. అది విప్పకుండా మీటరుని ముందుకి లాగితే సగం వచ్చి ఆగిపోతుంది. బలంగా లాగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

వైర్ల విషయానికొస్తే, బ్రిటిష్ కార్లలో రంగులకి ఒక పద్ధతి ఉంది. ఇగ్నిషన్ వేశాక కరెంటు వచ్చేది పచ్చది, మీటరు లైట్లకి ఎరుపు మీద తెల్ల గీత, పెట్రోలు ట్యాంకు నుంచి వచ్చేది పచ్చ మీద నల్ల గీత, ఉత్త నలుపు బాడీకి. పుస్తకంలో బాగానే ఉంటుంది. అరవై ఏళ్ళ మురికి పట్టాక అన్నీ ఒకటే మట్టి రంగు. మందుల షాపులో సర్జికల్ స్పిరిట్ తెచ్చి దూదితో రుద్దితే సన్నటి గీత మెల్లగా బయటపడింది. ఒక్కో వైరుకీ ఒక చీటీ కట్టి, ఫోన్లో ఫొటో తీసుకుని, అప్పుడు విప్పాం. పెట్రోలు మీటరుకి వచ్చే కరెంటు నేరుగా బ్యాటరీది కాదు, డ్యాష్‌బోర్డ్ వెనక ఒక చిన్న డబ్బా దాన్ని పది వోల్టులకి దించి పంపుతుంది. ఎలక్ట్రీషియను అది పాత హారన్ రిలే అనుకుని పక్కన పడేయబోయాడు.

ఆర్పీఎం మీటరు దగ్గర ఒక్క జాగ్రత్త. ఇగ్నిషన్ కాయిలుకి వెళ్ళే తెల్ల వైరు, మీటరు వెనక చిన్న ప్లాస్టిక్ దిమ్మ చుట్టూ మెలిక తిరిగి వెళుతుంది. ఎటు నుంచి వచ్చి ఎటు పోతోందో అలాగే తిరిగి పెట్టాలి. దానికి మాత్రం నాలుగైదు ఫొటోలు తీశాను.

సాయంత్రానికి మూడూ బల్ల మీద ఉన్నాయి. మా ఆవిడ ఇంత కాఫీ ఇచ్చి, "ఇంతేనా? దీనికేనా వారం నుంచి టెన్షన్ పడ్డారు?" అంది.

ఇక జంట మీటరు. ఒకే డయలులో సగం ఆయిల్ ప్రెషరు, సగం నీళ్ళ వేడి. ఆయిల్ సగానికి వైర్లుండవు. ఇంజనులో ఆయిలే సన్నటి గొట్టంలో మీటరు దాకా వస్తుంది. గొట్టాన్ని మీటరుకి కలిపే యూనియన్ విప్పగానే నల్లటి నూనె చుక్కలు చెయ్యి మీదుగా మోచేతి దాకా కారాయి, కింద పాత గుడ్డలు వేసుకోండి. ఆ యూనియన్ లోపల ఉంగరంలా చిన్న తోలు వాషరు ఉంటుంది. మాది ఎండి అప్పడంలా విరిగింది. ఇంగ్లండు నుంచి తెప్పిద్దామంటే వాషరు కన్నా పోస్టు ఖర్చు ఎన్నో రెట్లు. పాలకొల్లులో చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి పాత ముక్క పట్టుకెళితే, మందం చూసి తోలు ఎంచి, ఒక పంచ్‌తో లోపల, ఇంకో పంచ్‌తో బయట కొట్టి రెండు చేసిచ్చాడు. ఇరవై రూపాయలు. ఒక రాత్రి ఇంజన్ ఆయిల్లో నానబెట్టమని సలహా కూడా ఇచ్చాడు.

వేడి సగం వేరే తంతు. మీటరు వెనక నుంచి దారమంత సన్నటి రాగి గొట్టం బయల్దేరి, ఇంజనుకీ మనకీ మధ్య ఉన్న రేకులోని రబ్బరు బుష్ దాటి, ఇంజను హెడ్ ముందు భాగంలోకి వెళుతుంది. చివర వేలి కొసంత బల్బు, లైటు బల్బు కాదు, మూసిన చిన్న గొట్టం. అందులో తేలిగ్గా ఆవిరయ్యే ఈథర్ అనే ద్రవం ఉంటుంది. నీళ్ళు వేడెక్కితే ఈథర్ ఆవిరై ఆ ఒత్తిడి గొట్టంలో వచ్చి ముల్లుని తోస్తుంది. గొట్టం, బల్బు, మీటరు అన్నీ కలిపి ఒకటే వస్తువు, మధ్యలో ఎక్కడా విప్పుకునే వీల్లేదు. మీటరు ఆ రేకు కన్నంలో పట్టదు కాబట్టి బల్బే హెడ్‌లోంచి బయటికి రావాలి, కన్నంలోంచి లోపలికి రావాలి.

రేడియేటరులో మిగిలిన తుప్పు నీళ్ళు వదిలేసి నట్టు పట్టాం. నట్టు కదిలింది. బల్బు కదల్లేదు. ఇక్కడే చాలా కార్లలో మీటర్లు చస్తాయి. నట్టుతో పాటు బల్బు, బల్బుతో పాటు గొట్టం మెలికపడి తెగిపోతాయి. కాబట్టి నట్టు తిప్పేటప్పుడు రెండో మనిషి గొట్టాన్ని వేళ్ళతో పట్టుకుని, అది తిరుగుతోందా అని చూస్తూనే ఉండాలి. తిరుగుతుంటే అక్కడే ఆపాలి. మేం ఆపాం.

ఆ వారంలోనే ఒక మెకానిక్ వచ్చి చూశాడు. "కోసి పారేద్దామండి. ఎలక్ట్రిక్ మీటరు పెట్టుకుంటే గొడవ ఉండదు" అన్నాడు. వద్దన్నాను. అయితే గ్యాస్ మంటతో హెడ్ కాలుద్దామన్నాడు. లోపల ఈథర్ ఉందయ్యా, మండుతుంది అని చెప్పి కాఫీ ఇచ్చి పంపేశాను. తర్వాత రోజూ పొద్దున్న, సాయంత్రం నట్టు కన్నంలో రెండు చుక్కలు తుప్పు నూనె వేయడం, చెక్క సుత్తితో చుట్టూ మెల్లగా తట్టడం. మార్చి మొదటి వారం దాకా అదే సంధ్యావందనం.

బల్బు వచ్చింది. కానీ వచ్చేముందు ఇంకోటి తెలిసింది. రాగి గొట్టానికి కాపుగా పైన స్ప్రింగులాంటి తీగ చుట్టి ఉంటుంది. హెడ్ దగ్గర ఆ స్ప్రింగుని వెనక్కి జరిపి చూస్తే, లోపల గొట్టం పచ్చగా చిలుము పట్టి ఎప్పుడో తెగిపోయి ఉంది. రెండు కొసల మధ్య గోరు పట్టేంత సందు. అంటే పెదనాన్న చివరి రోజుల్లో ఆ ముల్లు పనిచేయకుండానే కారు నడిపారన్నమాట. నెల రోజులు నేను కాపాడుతూ వచ్చింది అంతకు ముందే చచ్చిన గొట్టాన్ని. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. బల్బుని ప్లయరుతో పట్టి లాగడానికి ఇంక మొహమాటం అక్కర్లేకపోవడం ఒక్కటే లాభం.

స్పీడోమీటరు, ఆర్పీఎం మీటరు అప్పటికే, ఫిబ్రవరి ఆఖరులో, చెన్నైలో పాత మీటర్లు బాగుచేసే ఒకాయనకి కొరియర్లో పంపాను. రెండిటికీ కలిపి ఎనిమిది వేలు, సగం అడ్వాన్సు. రెండు వారాలన్నాడు. జంట మీటరు సంగతి ఫోన్లో అడిగితే, ఆయిల్ వైపు చూస్తాను గానీ ఈథర్ వైపు ముట్టుకోనన్నాడు. ఇంగ్లండు పంపితే రానూపోనూ పోస్టు, కస్టమ్స్ కలిపి లెక్క ఇరవై వేలు దాటింది. అక్కడితో పని ఆగిపోయింది.

కదిలించింది మా ఇంటి ఫ్రిజ్. ఏప్రిల్లో గ్యాస్ అయిపోతే మెకానిక్ వచ్చాడు. పని చేస్తూ చేస్తూ బల్ల మీదున్న మీటరు చూసి, "ఇది కేపిలరీయే కదండి. మాకు రోజూ ఇదే పని" అన్నాడు. ఫ్రిజ్‌లో కూడా వెంట్రుక కన్నం ఉన్న రాగి గొట్టమే కదా. ఇంకెక్కడో బల్బు ఉన్న గొట్టం దొరికితే అతుకు తాను వేస్తానన్నాడు. అది నేనూ చదివిన ఉపాయమే. అదే రకం మీటరు ఇంకోటి కొని, దాని బల్బూ గొట్టమూ కోసి మన మీటరుకి అతకడం. చేసే చెయ్యి దొరక్క ఊరుకున్నాను.

అలాంటి బల్బు మన దగ్గర ట్రాక్టర్లకి వస్తుంది. కాకపోతే అది దాళ్వా (రెండో పంట) కోతల సమయం. ట్రాక్టరు స్పేర్ల షాపుల ముందు నిలబడే చోటు లేదు. కోత మిషన్ల బెల్టుల కోసం రైతులు అరుస్తుంటే, చేతిలో అరవై ఏళ్ళ నాటి బల్బు పట్టుకుని "ఇలాంటిది ఉందాండీ" అని అడిగేవాణ్ణి ఎవరు పట్టించుకుంటారు? కోతలయ్యాక రండి అన్నారు. అయ్యాకే వెళ్ళాను. మందం సరిపోవాలి, మెడ దగ్గరి రింగు హెడ్‌లో సరిగ్గా కూర్చోవాలి. తణుకులో ఒక షాపులో సరిపోయేది దొరికింది. మీటరుతో సహా నాలుగు వందల యాభై. కొనేముందు షాపు వాళ్ళని వేడి టీ అడిగి బల్బు అందులో ముంచి ముల్లు లేస్తోందో లేదో చూశాను. వాళ్ళు నవ్వారు, నవ్వనీండి.

మే 11, ఆదివారం తెల్లవారుజామున అతుకు పెట్టాం. పొద్దున్నే ఎందుకంటే ఈథర్ 34.6 డిగ్రీలకే మరుగుతుంది. మే నెలలో మన ఊళ్ళో పది గంటలకే అంతకన్నా ఎక్కువ ఉంటుంది. అప్పుడు గొట్టం కోస్తే ఈథరంతా బుస్సున గాల్లో కలిసిపోతుంది. బల్బు గడ్డకట్టేంత చల్లగా ఉండాలి. ఇక్కడ మాత్రం డెల్టాలో ఉండటం కలిసొచ్చింది. నరసాపురంలో చేపల లోడుకి వాడే ఐసు పొడి ముందు రోజు రాత్రే థర్మోకోల్ పెట్టె నిండా తెచ్చాను, వంద రూపాయలు. అందులో రెండు కిలోల కళ్ళుప్పు కలిపితే సున్నాకి బాగా కిందికి దిగుతుంది. బల్బుని గంటసేపు అందులో పాతి ఉంచాం.

కోసే ముందు ఫ్రిజ్ మెకానిక్ చేయి ఆపి అడిగాడు, "నట్టు ఎక్కించారాండి?" హెడ్‌లో బల్బుని బిగించే పాత నట్టు, పాత స్ప్రింగు, రేకు కన్నంలోని రబ్బరు బుష్, మూడూ అతుకు వేయకముందే గొట్టంలోకి దూర్చాలి. అతికాక ఇటు మీటరు, అటు బల్బు, ఏ వైపు నుంచీ ఎక్కవు. అవన్నీ వరసలో దారానికి గుచ్చి ఉంచాను కాబట్టి సరిపోయింది.

గొట్టాన్ని కటింగ్ ప్లయరుతో కోయకూడదు, కన్నం నొక్కుకుపోతుంది. ఆయన ఆకురాయితో చుట్టూ గీత పెట్టి, అటూ ఇటూ వంచి పుటుక్కున విరిచాడు. రెండు కొసల్నీ సన్నటి పేపరుతో మెరిసేదాకా రుద్దాడు. వాటి మీదికి సరిగ్గా ఎక్కే అంగుళం రాగి ముక్క ఒకటి తెచ్చుకున్నాడు. రెండు కొసలూ అందులోకి రెండు వైపుల నుంచి దూరి మధ్యలో తాకాయి. గ్యాస్ మంట వాడలేదు, అది మా ముందు ఒప్పందం. పెద్ద సోల్డరింగ్ ఐరన్‌తో రాగి ముక్క అంచుల దగ్గర మాత్రమే టంకం పెట్టాడు. ఎక్కువైతే లోపలికి పాకి కన్నం మూసుకుపోతుందట. తడిగుడ్డ ఒకటి గొట్టానికి చుట్టి వేడి బల్బు వైపు వెళ్ళకుండా పట్టుకోవడం నా పని. ఫ్యాను కట్టేసి, తలుపులన్నీ తీసి ఉంచాం. ఇంట్లో స్టవ్ వెలిగించొద్దని ముందే చెప్పాను, ఆ రోజు టిఫిన్ హోటల్ నుంచే.

టంకం చల్లారాక బల్బుని ఐసులోంచి తీసి అరచేతిలో పెట్టుకున్నాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత ముల్లు ఒక్క వెంట్రుకవాసి లేచింది. ఫ్రిజ్ మెకానిక్ నాకన్నా ముందు చూసి, "లేచిందండోయ్!" అని అరిచాడు. మరిగే నీళ్ళలో పెట్టి చూస్తే 212 ఫారన్‌హీట్ ఉండాల్సిన చోటుకి కాస్త కిందనే ఆగింది. నీళ్ళు చల్లారుతుంటే పక్కన థర్మామీటరు పెట్టి, ముల్లు ఎక్కడుంటే నిజమైన వేడి ఎంతో ఒక కాగితం మీద రాసుకున్నాం. అది ఇప్పుడు గ్లవ్‌బాక్సు మూత లోపల అంటించి ఉంది. ఆయన ఐదు వందలే తీసుకున్నాడు, ఇంకా ఇస్తానన్నా వద్దన్నాడు.

స్పీడోమీటరు చెన్నై నుంచి ఏప్రిల్ రెండో వారంలో వచ్చింది. రెండు వారాలన్నది ఆరు వారాలు దాటింది. గాజు, చుట్టూ క్రోమ్ రింగు, ముల్లు అన్నీ కొత్తగా మెరుస్తున్నాయి. కానీ మైళ్ళ అంకెలన్నీ సున్నాలు. పంపేటప్పుడు అక్కడ నలభై ఎనిమిది వేల పైన మైళ్ళు ఉండేవి. అందులో ఢిల్లీ నుంచి తెచ్చిన దూరం ఉంది, పెద్దమ్మని ద్రాక్షారామం తీసుకెళ్ళిన దూరం ఉంది. ఫోన్ చేస్తే, "కొత్తగా ఉండాలి కద సార్, అందరూ అదే అడుగుతారు" అన్నాడు. ఆయన తప్పు పట్టడానికి లేదు, ఆయన దగ్గరికొచ్చే వాళ్ళు అలాంటి వాళ్ళు. విప్పే ముందు తీసిన ఫొటోలో పాత అంకె ఉంది, మళ్ళీ పంపి అదే పెట్టించుకుంటాను. మీరు పంపేటప్పుడు మాత్రం అంకెలు ముట్టుకోవద్దని కాగితం మీద రాసి మీటరుకే అంటించండి. ఇంకొకటి కూడా రాయండి. డయలు అడుగున ఒక చిన్న అంకె ఉంటుంది, మైలుకి కేబులు ఎన్ని చుట్లు తిరగాలో చెప్పేది. లోపలి యంత్రం వేరే మీటరుది వేస్తే ఆ అంకె కలవదు, స్పీడు ఎప్పుడూ తప్పే చూపిస్తుంది.

జంట మీటరు, పెట్రోలు మీటరు, స్పీడోమీటరు మే ఆఖరులో తిరిగి బిగించాం. విప్పడం కన్నా బిగించడం తేలిక, చీటీలు ఉన్నాయి కదా. రాగి గొట్టంలో మిగిలిన పొడవుని డ్యాష్‌బోర్డ్ వెనక పెద్ద చుట్టగా చుట్టాం, ఎక్కడా మడత పడకుండా. తోలు వాషర్లలో ఒకటి వేశాను, ఒకటి దాచాను.

ఆర్పీఎం మీటరు మాత్రం ఇంకా చెన్నైలోనే ఉంది. ఏదో చిన్న ట్రాన్సిస్టరు దొరకాలట. ఫోన్ చేసినప్పుడల్లా "వచ్చే వారం సార్" అంటున్నాడు. ఆ కన్నానికి పెళ్ళి శుభలేఖ అట్ట గుండ్రంగా కోసి పెట్టాను. చూసిన ప్రతి ఒక్కరూ ఎవరి పెళ్ళి అని అడుగుతున్నారు.